చప్పుడు లేని బస్సు

మా నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చేసి, అప్రెంటిస్‌గా చేరి, ఆ షెడ్డులోనే స్థిరపడిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేతులది ఒకటే వాసన. సబ్బు, సర్ఫు, నిమ్మతొక్క అన్నీ వాడి చూసి అమ్మ ఎప్పుడో చేతులెత్తేసింది. నేను ఈఈఈలో చేరినప్పుడు చుట్టాలందరూ "ఏం, సీఎస్ఈ రాలేదా?" అని జాలిగా అడిగితే, సంతోషపడింది నాన్న ఒక్కడే.

"కరెంటు బస్సులు వస్తాండాయంట కదా. వాటిని విప్పేవాడు ఇంట్లో ఒకడన్నా ఉండల్ల" అన్నాడు.

ఆ మాటలో సంతోషం ఎంత ఉందో బెంగ కూడా అంతే ఉందని నాకు మూడో సంవత్సరానికి గానీ అర్థం కాలేదు. ప్రభుత్వ వాహనాలు శుభ్రమైన ఇంధనానికి మారడం మీద మన కాలేజీలో సెమినార్లు బాగానే జరుగుతుంటాయి. ప్రతి పీపీటీలో బ్యాటరీ ఉంటుంది, మోటారు ఉంటుంది, చార్జర్ ఉంటుంది, చివరి స్లైడులో పచ్చని ఆకు బొమ్మ ఉంటుంది. గ్యారేజీ మాత్రం ఎందులోనూ ఉండదు. నేను చెప్పేది ఆ గ్యారేజీ వైపు నుంచి.

ముందు డీజిల్ బండి సంగతి. నాన్నకు పొగ చూస్తే చాలు, జబ్బు తెలిసిపోతుంది. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టరూ నాజిళ్ళూ చూస్తాడు. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు, రింగులు అరిగినట్టు. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండడం లేదు, లేదంటే గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. బండి గేటు దాటి షెడ్డులోకి వచ్చేలోపే చప్పుడు విని "మూడో సిలిండర్ నాజిల్ చూడండబ్బా" అంటాడు. ఇది ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఉండదు. పాత మేస్త్రీల దగ్గర తిట్లు తింటూ నేర్చుకున్నది.

డిపోలో అందరి కళ్ళూ ఉండే అంకె ఒకటుంది, కేఎంపీఎల్. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. డ్రైవర్ల పేర్ల పక్కన ఆ అంకె రాసి బోర్డు పెడతారు. మనకు దశాంశం తర్వాతి అంకె పరీక్షలో అరమార్కుతో సమానం. అక్కడ అట్లా కాదు. వంద బస్సులున్న డిపో అనుకుందాం, ఒక్కోటి రోజుకు 350 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. కేఎంపీఎల్ 5 నుంచి 5.1కి పెరిగితే రోజుకు 137 లీటర్ల డీజిల్ మిగులుతుంది. ఆ 0.1 కోసం మెకానిక్ పంపు సరిచేస్తాడు, టైర్లలో గాలి చూస్తాడు, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూస్తాడు. డ్రైవర్ అనవసరంగా ఎక్సలరేటర్ తొక్కడు. ఎవరూ దాన్ని 'పర్యావరణం' అనలేదు గానీ, ఆ డిపో ఇన్నేళ్ళుగా చేసింది అదే.

ఇంకోవైపు, అదే డీజిల్ నాన్న ఊపిరితిత్తుల్లో కూడా ఉంది. తెల్లవారుజామున సర్వీసులు బయలుదేరే ముందు బండ్లన్నీ ఒకేసారి స్టార్ట్ చేస్తే షెడ్డులో ఎట్లా ఉంటుందో నేను చిన్నప్పుడు చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మొదటి గ్రూపులో పెట్టింది. అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి జాబితాలో, పొగాకు, ఆస్‌బెస్టాస్‌లతో పాటు. ఈ సంగతి నేను నాన్నకు చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "అది కనుక్కోవడానికి అంత పెద్ద సంస్థ కావల్సొచ్చిందా? మా చేతిరుమాలు చూపించినా చెప్పేవాళ్ళు కదా" అన్నాడు.

కాబట్టి కరెంటు బస్సు రావాలా వద్దా అన్నది మా ఇంట్లో చర్చ కాదు. రావాలి. ఎట్లా రావాలి అన్నదే చర్చ.

కొత్త ఇంధనం ముందు ప్రభుత్వ బండ్లకే ఎందుకు పెడతారు? దీనికి మంచి ఇంజినీరింగు కారణమే ఉంది. సొంత కారు ఈరోజు ఊర్లో ఉంటుంది, రేపు ఎక్కడుంటుందో తెలియదు. ఆర్టీసీ బస్సు రూటు ముందే తెలుసు, రోజుకు ఎంత తిరుగుతుందో తెలుసు, రాత్రికి ఏ డిపోకు చేరుతుందో తెలుసు. అక్కడ ఒక చార్జరో గ్యాస్ బంకో పెడితే దానికి రోజూ పని ఉంటుంది. ఒకేసారి వందల బండ్లు కొంటారు కాబట్టి ధర దిగుతుంది. పైగా జనానికి పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగే ప్రభుత్వం ముందు తన బండి పొగ చూసుకోవడం న్యాయం కూడా.

మన దేశంలో దీనికి పెద్ద పాఠం ఢిల్లీ. లాయరు ఎం.సి. మెహతా 1985లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2001 మార్చి 31 నాటికి ఢిల్లీ సిటీ బస్సులన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, సీఎన్‌జీకి మారాలి. దాదాపు మూడేళ్ళ టైము. ఆ మూడేళ్ళలో చాలావరకు వాయిదాలతోనే గడిచింది. గడువు దగ్గరపడ్డాక చూస్తే బండ్లు చాలవు, గ్యాస్ బంకులు చాలవు, ఉన్న బంకుల్లో ప్రెషర్ చాలదు. బస్సులు, ఆటోలు గ్యాస్ కోసం కిలోమీటర్ల పొడవు బారులు తీరాయి. డ్రైవర్లు రాత్రంతా బండ్లలోనే పడుకున్నారు. అసలు ఫలానా ఇంధనమే వాడాలని చెప్పడం సరికాదు, ఎంత పొగ రావచ్చో చెప్పి వదిలేయాలి అని మషేల్కర్ కమిటీ 2002 మొదట్లో ఇచ్చిన నివేదికలో అన్నది. కోర్టు వెనక్కి తగ్గలేదు. 2002 ఏప్రిల్‌లో, ఇంకా తిరుగుతున్న డీజిల్ బస్సుల మీద రోజుకు 500 రూపాయల జరిమానా, నెల దాటితే రోజుకు 1000 వేసింది. ఆ ఏడాది చివరికి ఢిల్లీ సిటీ బస్సులు డీజిల్ నుంచి బయటపడ్డాయి.

బస్సుల వెనక నల్లపొగ పోయింది. అది నిజమైన గెలుపే. తర్వాత ఏళ్ళలో సొంత బండ్లు విపరీతంగా పెరిగి, ఇంకా వేరే కారణాలు తోడై ఢిల్లీ గాలి మళ్ళీ పాడైంది గానీ, దానికి సీఎన్‌జీ బస్సును తప్పుపట్టలేం. నేను ఈ కథలో పట్టుకున్నది వేరే విషయం. ఉత్తర్వులో ఇంధనం పేరు ఉంది, గడువు ఉంది. బంకు ముందు రాత్రంతా పడుకున్న డ్రైవర్ నిద్ర దాని లెక్కలో లేదు.

ఢిల్లీలో ఇంధనం దొరక్క బండ్లు ఆగితే, అమెరికాలో బండ్లు ఆగకుండానే పని చెడింది. అక్కడ 1992లో ఒక ఇంధన చట్టం చేశారు. పెద్ద నగరాల్లోని కేంద్ర ప్రభుత్వ శాఖలు కొనే కొత్త చిన్న వాహనాల్లో 75 శాతం పెట్రోలు కాని ఇంధనంతో నడవగలిగినవి ఉండాలన్నారు. శాఖలు చట్టాన్ని పాటించాయి. పెట్రోలుతోనూ, 85 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనంతోనూ నడిచే ఫ్లెక్స్ కార్లు ఎక్కువగా కొన్నాయి. కానీ ఆ ఇథనాల్ అమ్మే బంకులు చాలాచోట్ల లేవు. దాంతో కార్లలో మామూలు పెట్రోలే పోశారు. లెక్కల పుస్తకంలో శుభ్రమైన బండి, ట్యాంకులో పాత ఇంధనం! చివరికి 2005లో ఇంకో చట్టం తెచ్చి, మినహాయింపు తీసుకుంటే తప్ప ఆ బండ్లలో ఆ ఇంధనమే పోయాలని రాయాల్సి వచ్చింది. 'నడవగలిగినవి కొనాలి' అన్న మాటకూ 'దానితోనే నడపాలి' అన్న మాటకూ మధ్య పదమూడేళ్ళు పట్టింది.

మన దగ్గర ఆఫీసర్ల కార్ల కథ కూడా ఇట్లాంటిదే. 2017లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ప్రభుత్వ శాఖల కోసం ఒకేసారి 10,000 ఎలక్ట్రిక్ కార్లకు టెండరు పిలిచింది. అంత పెద్ద టెండరు అని అప్పట్లో దేశమంతా చెప్పుకున్నారు. తీరా 2018లో, ఒక్క చార్జికి 80 కిలోమీటర్లు కూడా సరిగా రావడం లేదని ఢిల్లీలో ఆఫీసర్లు వాటిని ఎక్కడానికి ఇష్టపడడం లేదని పేపర్లలో వచ్చింది. ఆ 10,000కు చాలా దూరంలోనే ఆ పథకం ఆగింది. అదే సమయంలో బస్సులు, చెత్తబండ్లు నెమ్మదిగా నిలదొక్కుకున్నాయి. మన రాష్ట్రంలోనే 2023 జూన్‌లో చిన్న మున్సిపాలిటీలకు చెత్త తీయడానికి 516 ఈ-ఆటోలు ఇచ్చారు. తేడా ఎక్కడుంది? చెత్త ఆటో రోజూ అవే వీధులు తిరిగి సాయంత్రానికి అదే షెడ్డుకు వస్తుంది. ఆఫీసరు కారు ఎప్పుడు ఎక్కడికి పోతుందో ఆఫీసరుకే తెలియదు. బండి తిరిగే పద్ధతికి ఇంధనం కుదరాలి. కుదరనిచోట ఎన్ని కొన్నా అవి పార్కింగులోనే ఉంటాయి.

ఇక మన బస్సులకు వద్దాం. హైదరాబాదులో 2019లో 40 ఎలక్ట్రిక్ బస్సులు ఎయిర్‌పోర్టు రూట్లలో మొదలయ్యాయి. మాకు దగ్గరగా, 2022 సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల సమయంలో తిరుపతిలో ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. మొత్తం 100. అందులో 50 తిరుమల ఘాట్‌కే. 2023లో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ పేరుతో దేశమంతా 10,000 బస్సుల పథకం ప్రకటించింది. 2025లో ఇంకో పథకం కింద హైదరాబాదు ఒక్కదానికే 2,000 కేటాయించారు. అంటే మనం చదువు ముగించే రోజులకు ఇది వింత కాదు, మామూలు.

పోయిన సంవత్సరం మేము తిరుమలకు పోయాం. తిరుపతిలో రెండు సప్తగిరి డీజిల్ బస్సులు ఖాళీగా ఉన్నా నాన్న ఎక్కనివ్వలేదు. కరెంటు బస్సు కోసం ఆపాడు. "దేవుని దర్శనానికి వచ్చినామా, బస్సు దర్శనానికా?" అని అమ్మ విసుక్కుంది. బస్సు వచ్చాక నాన్న వెనక చక్రం మీది సీటు చూసుకుని కూర్చున్నాడు. అక్కడైతే అన్నీ వినపడతాయట. ఘాట్ ఎక్కుతున్నంతసేపు కళ్ళు మూసుకునే ఉన్నాడు. భక్తి అనుకున్నాను. ఒక మలుపు దాటాక నా చెవి దగ్గరికి వంగి, "అంత ఎక్కుడులో కూడా గేరు మార్చిందే లేదు" అన్నాడు. కాసేపాగి, "ఎయిర్ కంప్రెసర్ ఒక్కటే మనకు తెలిసిన చప్పుడు" అన్నాడు.

దిగేటప్పుడు నేను ఫోనులో లెక్క వేసి చూపించాను. కింద తిరుపతికీ పైన తిరుమలకూ ఎత్తులో తేడా ఇంచుమించు 700 మీటర్లు. జనంతో కలిపి బస్సు బరువు 13 టన్నులు అనుకుందాం. ఎంజీహెచ్ చేస్తే 24.8 యూనిట్ల కరెంటు. ఆ బరువును కొండపైకి ఎత్తడానికే అంత ఖర్చు. డీజిల్ బస్సు దిగేటప్పుడు ఆ శక్తి మొత్తం ఇంజిన్ బ్రేకింగులో, బ్రేకు డ్రమ్ముల్లో, లైనర్లలో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. కరెంటు బస్సులో మోటారే జనరేటరుగా మారి కొంత బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. కొండ ఎక్కి కొంత ఖాళీ అయిన బ్యాటరీ కాబట్టి దానికి చోటూ ఉంటుంది. టైర్ల రాపిడి, గాలి, మోటారు నష్టాలు అన్నీ పోను సగమే తిరిగొచ్చినా 12 యూనిట్లు! నాన్నకు యూనిట్ల కంటే లైనర్ల సంగతి బాగా నచ్చింది. "అయితే ఘాట్ బండికి లైనర్లు మార్చే పని సగం తగ్గుతాది" అన్నాడు. ఘాట్ సర్వీసు చేసిన మెకానిక్‌కు ఆ మాట విలువ తెలుసు.

అప్పుడు అడిగాడు అసలు ప్రశ్న. "చప్పుడు లేదు, పొగ లేదు. జబ్బు చేస్తే ఎట్ల తెలుస్తాదిరా?"

నేను ఉత్సాహంగా చెప్పాను. ప్రతి సెల్ వోల్టేజీ, వేడి, మోటారు కరెంటు అన్నీ కంట్రోలర్ చూస్తుంటుంది. తేడా వస్తే కోడ్ వేస్తుంది. ల్యాప్‌టాప్ తగిలిస్తే ఎక్కడ ఏం పోయిందో చూపిస్తుంది, నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు కూడా పంపుతుంది, అని.

నాన్న కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "అంటే బండి మాకు చెప్పదు. కంపెనీకి చెప్తాది."

ఈ ఒక్క వాక్యం గురించే నేను ఇంత రాస్తున్నది.

ఈ బస్సుల్లో ఎక్కువ భాగం ఆర్టీసీ కొన్నవి కాదు. గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు అనే పద్ధతిలో వచ్చాయి. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, రిపేరు కంపెనీది. రూటు, టికెట్టు, టికెట్టు డబ్బు ఆర్టీసీవి. తిరిగిన కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కంపెనీకి కడుతుంది. ఒప్పందాలు సాధారణంగా పదేళ్ళు, పన్నెండేళ్ళు ఉంటాయి. దీన్ని ఊరికే తిట్టిపారేయడం తేలికే గానీ, ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. ఒక ఎలక్ట్రిక్ బస్సు ధర డీజిల్ బస్సుకు ఎన్నో రెట్లు. అప్పుల్లో ఉన్న సంస్థ వందలకొద్దీ అవి ఒకేసారి కొనలేదు. బ్యాటరీ ముందే పాడైతే ఆ నష్టం కంపెనీదే. కంపెనీ తప్పు వల్ల బండి తిరగకపోతే డబ్బు కట్టనక్కర్లేదు. 'కొన్నది ఎన్ని' అని కాకుండా 'తిరిగింది ఎంత' అని లెక్కపెట్టే పద్ధతి కాబట్టి, అమెరికా ఫ్లెక్స్ కార్ల జబ్బుకు ఇది ఒక రకంగా మందు కూడా.

కానీ గ్యారేజీ వైపు నుంచి చూస్తే ఇందులో ఒక పెద్ద ఖాళీ ఉంది. పన్నెండేళ్ళ తర్వాత ఒప్పందం ముగుస్తుంది. ఆనాటికి నాన్న తరం మొత్తం రిటైర్ అయి ఉంటుంది. వాళ్ళ కింద నేర్చుకున్నవాళ్ళకు తెలిసింది డీజిల్ బండే. ఎలక్ట్రిక్ బస్సు గురించి తెలిసినవాళ్ళందరూ కంపెనీ మనుషులే అయి ఉంటారు. ఏ బ్యాటరీ ఏ ఎండకు ఎట్లా అరిగింది, ఏ రూటులో ఎంత కరెంటు తాగింది అన్న లెక్కలు కంపెనీ సర్వర్లో ఉంటాయి. అప్పుడు కొత్త టెండరుకు ఆర్టీసీ కూర్చుంటే, ఎదుటివాడు చెప్పిన ధర ఎక్కువో తక్కువో చెప్పగల మనిషి ఈవైపు బల్ల దగ్గర ఉండడు. ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీయే కొని నడపాలని కార్మిక సంఘాలు అడుగుతున్నాయి. అది జరిగినా జరగకపోయినా, తెలివి మాత్రం డిపో గేటు బయటికి పోకూడదు. వాడే ఇంధనం శుభ్రమైనదే కావచ్చు, దాని గురించి ఏమీ తెలియనివాళ్ళం మాత్రం మనమే అవుతాం.

ఇంకో లెక్క కూడా దాచకుండా చెప్పాలి. మన సెమినార్లలో 'జీరో ఎమిషన్' అని ధైర్యంగా రాసేస్తుంటాం కదా. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోలకు కొంచెం పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చిన్న ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ తాగుతుందనుకుంటే కిలోమీటరుకు 0.7 కిలోలు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోలు. ఏసీ డీజిల్ బస్సు లీటరుకు మూడున్నర కిలోమీటర్లు ఇస్తే 0.77. మా నాన్నవాళ్ళు చెమటోడ్చి 5 కేఎంపీఎల్ తెప్పించే ఏసీ లేని పల్లెవెలుగు బస్సు అయితే 0.54! అంటే ఈరోజు గ్రిడ్‌తో చూస్తే భూగోళానికి లాభం కొంచెమే, కొన్ని బండ్లతో పోలిస్తే అసలు లేదు. వీధిలో నిలబడినవాడి ముక్కుకు, షెడ్డులో పనిచేసేవాడి ఊపిరికి మాత్రం లాభం ఈరోజే ఉంది. మా జిల్లాలోనే ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. బస్సు పొగ పోయి ఆ చిమ్నీకి చేరితే అక్కడి ఊళ్ళవాళ్ళు ఏమనాలి?

అయినా నేను ఎలక్ట్రిక్ బస్సు వైపే ఉంటాను. డీజిల్ బస్సు కొన్ననాటి నుంచి పాతబడేకొద్దీ పొగ పెంచుతుంది. ఎలక్ట్రిక్ బస్సు అదే బండి అయినా, గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ శుభ్రపడుతుంది. కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచే ఉంది. చిక్కేమిటంటే సోలార్ పగలు వస్తుంది, బస్సులు రాత్రి చార్జ్ అవుతాయి. మధ్యాహ్నం జనం తక్కువగా ఉండే రెండు గంటలు బస్సులను వంతులవారీగా చార్జింగుకు ఆపితే ఎంత తేడా వస్తుంది? ఏ బస్సును ఎప్పుడు ఆపాలి? దీనికి రూటు తెలిసిన కంట్రోలరు, బండి తెలిసిన మెకానిక్, గ్రిడ్ తెలిసిన ఇంజినీరు ముగ్గురూ ఒకచోట కూర్చోవాలి. ఇప్పుడు ఈ ముగ్గురూ మూడు సంస్థల్లో ఉన్నారు.

సంక్రాంతి సెలవుల్లో నాన్న డ్యూటీ దిగి వచ్చాక రోజూ ఒక గంట మా వరండాలో 'క్లాసు' జరిగింది. నాన్నతో పాటు ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చేవాళ్ళు. నారింజ రంగు కేబుల్ అంటే వందల వోల్టుల డీసీ అని చెప్పాను. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆర్క్ ఆరిపోయే వీలుంది, డీసీకి ఆ సున్నా లేదు, నిప్పు అంత తేలిగ్గా ఆరదు అని చెప్పాను. ముందు సర్వీస్ ప్లగ్ తీయాలి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాలి, మీటరు పెట్టి సున్నా చూసుకోవాలి, గ్లౌజులు లేకుండా చేయి పెట్టకూడదు. భయపడతారేమో అనుకున్నాను. ఒక మామ, "ఇంతేనా? చక్రాల కింద చెక్క పెట్టకుండా బండి కిందికి దూరకూడదని మాకు మొదటిరోజే చెప్తారు. ఇది కూడా అట్లాంటిదే కదా" అన్నాడు.

ఎయిర్ బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగు, టైర్లు, తలుపులు, ఏసీ, బాడీ ఇవన్నీ వాళ్ళకు తెలిసినవే. ఒక కాగితం మీద బస్సు భాగాలన్నీ రాసి, తెలిసినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోతే సగానికి పైగా టిక్కులే వచ్చాయి. మిగిలిన సగం నేర్పడం అసాధ్యం కాదు. ఇప్పుడు ఐటీఐలలో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ ట్రేడు వచ్చింది. బయట కొత్తవాళ్ళకు నేర్పేది లోపల ఇరవై ఆరేళ్ళు పనిచేసినవాడికి ఎందుకు నేర్పకూడదు? కాంట్రాక్టులో ఒక్క షరతు చాలు. ప్రతి ఎలక్ట్రిక్ డిపోలో ఆర్టీసీ మెకానిక్‌లు కొందరు కంపెనీవాళ్ళతో కలిసి పనిచేయాలి, బండి పంపే డేటా కాపీ ఒకటి ఆర్టీసీకి రావాలి. దీనికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు.

మిత్రులారా, మనలో చాలామందికి మేజర్ ప్రాజెక్టు టాపిక్ కావాలి. మీ ఊరి డిపోకు ఒకసారి పోయి చూడండి. ఒక రూటు తీసుకుని, ఎక్కుళ్ళు, స్టాపులు, మధ్యాహ్నం ఖాళీ అన్నీ లెక్కేసి, ఆ రూటుకు ఎంత బ్యాటరీ చాలు, ఎప్పుడు చార్జ్ చేయాలి అని ఒక రిపోర్టు చేసి డిపో మేనేజరుకు ఇవ్వండి. గ్యారేజీలోకి పోయి మెకానిక్‌లను అడగండి. వాళ్ళు చెప్పేది మన సిమ్యులేషన్‌లో ఉండదు. మనం చెప్పేది వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

సెలవుల చివరి రోజు నాన్న ఒక సందేహం అడిగాడు. "డీజిలే లేకపోతే ఇంక కేఎంపీఎల్ బోర్డు మీద ఏం రాస్తారు?"

"కిలోమీటరుకు ఎన్ని యూనిట్లు అయినాయో రాస్తారు నాన్నా" అన్నాను.

"అంటే అంకె తగ్గితే మంచిదా?" ఆయనకు నచ్చలేదు. "ఇన్నేళ్ళూ అంకె పెరగల్లని కొట్టుకున్నోళ్ళం. ఇప్పుడు తగ్గల్లంటే మావాళ్ళకు ఎక్కదు. యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాయమను. అప్పుడు చూడు, ఎట్ల పెంచుతారో."

ఆ మాట చెప్పడానికి నాకు ఇంకా ఏ ఆఫీసూ లేదు. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను.